మొదటి ఫాంటసీ సైన్యం ఎలా ఎంచుకోవాలి: సేనాపతిని కాదు, సిపాయిని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. లీడ్స్ వచ్చి ఏడాదైంది. ఆఫీసులో ఒకాయన గురువారం సాయంత్రం తన క్లబ్బుకి తీసుకెళ్లారు. అక్కడ వార్‌హ్యామర్ ఆటల్లో ఒకటైన ‘ది ఓల్డ్ వరల్డ్’, అంటే మనమే రంగులేసుకున్న చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆట, నడుస్తుంటే చూసి ముచ్చటపడ్డారు. ఇప్పుడు మీకూ ఒక సైన్యం కావాలి, కానీ ఎల్ఫ్‌లా (మొనదేలిన చెవుల సన్నటి జాతి), డ్వార్ఫ్‌లా (గడ్డాల పొట్టి జాతి), అస్థిపంజరాలా అన్నది తేలడం లేదు. షాపులో చూసిన డ్రాగన్ పెట్టె మనసులోంచి పోవడం లేదు. నెలకు 40 పౌండ్లు మించి పెట్టలేరు, ఉండేది సింగిల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు, ఇంతవరకూ బ్రష్ పట్టలేదు. ‘వీటిలో ఏ సైన్యం ఎక్కువ గెలుస్తుంది’ అని కూడా అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. వరసగా అరవై మందికి రంగు వేసినా మీకు విసుగు పుట్టని మామూలు సిపాయి ఏ సైన్యంలో ఉంటే ఆ సైన్యం తీసుకోండి. డ్రాగన్‌నీ, దాని మీద కూర్చున్న రాకుమారుడినీ పక్కన పెట్టండి. మీ బడ్జెట్, మీ అనుభవం చూస్తే నా ఓటు అస్థిపంజరాలకే, అంటే టూంబ్ కింగ్స్‌కి. మొదట 500 పాయింట్ల సైన్యం చాలు (ఒక్కో బొమ్మకు రూల్స్‌లో ఇన్ని పాయింట్లని ఉంటుంది, సైన్యం సైజును వాటితోనే కొలుస్తారు). అది రంగులు, బేస్‌లతో (బొమ్మ కాళ్ల కింది పీఠాలతో) సహా పూర్తయ్యేదాకా ఇంకో పెట్టె కొనకండి.

ఎందుకో చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి. నేను 2008లో ఉద్యోగానికి డార్బీ వచ్చాను. నాటింగ్‌హామ్ ఇక్కడికి దగ్గరే. వార్‌హ్యామర్ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది, ఇలాంటి బొమ్మలే చేసే ఇంకో కంపెనీ మాంటిక్ కూడా అక్కడిదే. ఈ బొమ్మలు పోతపోసే చిన్నా పెద్దా కంపెనీలు చుట్టుపక్కల చాలా ఉండడంతో ఆ ప్రాంతాన్ని ఇక్కడివాళ్లు ‘లెడ్ బెల్ట్’ అంటారు. ఒకప్పుడు బొమ్మలు సీసంతో చేసేవాళ్లు కదా, ఆ పేరు అలా నిలిచిపోయింది. 2009లో నేను చేసిన మొదటి కొనుగోలు అచ్చం మీరు చేయబోతున్నదే: ఒక లోహపు డ్రాగన్, దానికి తోడుగా తొంభై మంది హై ఎల్ఫ్‌లు. డ్రాగన్‌ని చూసి కొన్నాను, ఎల్ఫ్‌ల గురించి అసలు ఆలోచించలేదు.

హై ఎల్ఫ్ సిపాయి అంటే తెల్లటి అంగీ, వెండి కవచం, నీలి రాళ్లు, హెల్మెట్ కింద స్పష్టంగా కనబడే ముఖం. తెలుపు చాలా మొండి రంగు. ఒక పూతతో కప్పదు, రెండో పూతలో బ్రష్ గీతలు పడతాయి, మూడోది వేసేసరికి మడతలు పూడుకుపోతాయి. ఒక్కో సిపాయికి నాకు గంటా నలభై ఐదు నిమిషాలు పట్టింది. పదహారు మంది ఈటె సైనికులు అయ్యేసరికి రెండు నెలలు గడిచాయి. పదిహేడోవాడిని చేతిలోకి తీసుకోబుద్ధి కాలేదు. ఆ పెట్టెలు ఏడాదిన్నర బీరువాలోనే ఉండిపోయాయి.

తర్వాత ఒకాయన దగ్గర నలభై అస్థిపంజరాలు చవగ్గా దొరికితే తీసుకున్నాను. ఒక్కోదానికి పాతిక నిమిషాలు పట్టింది. లెక్క వేసి చూడండి. అరవై మంది ఎల్ఫ్‌లంటే 105 గంటలు, అరవై అస్థిపంజరాలంటే 25 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఐదు గంటలు కూర్చోగలిగితే మొదటిది ఇరవై ఒక్క వారాలు, రెండోది ఐదు వారాలు. ఐదు వారాల్లో మీరు బల్ల మీద సొంత సైన్యంతో నిలబడతారు. ఇరవై ఒక్క వారాలంటే మధ్యలో చలికాలం, ఆఫీసు రిలీజులు, ఇండియా ప్రయాణం అన్నీ వచ్చేస్తాయి.

అలాగని ఎల్ఫ్‌లు వద్దని కాదు. మా క్లబ్బులో ఒకావిడ హై ఎల్ఫ్ సైన్యం చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఆమెకు సన్నటి పని ఇష్టం, ఒక్క ముఖం మీద అరగంట కూర్చున్నా అలుపు రాదు. ఆ ఓపిక మీకుందో లేదో ముందే కనుక్కోవాలి. అందుకు ఒక దారి ఉంది: పెట్టె కొనే ముందు క్లబ్బులో ఎవరినైనా ఒకే రకం సిపాయిలు మూడు అడగండి. చాలామంది దగ్గర మిగిలిపోయినవి ఉంటాయి, సంతోషంగా ఇస్తారు. మూడిటికీ రంగు వేయండి. మూడోది పూర్తవగానే నాలుగోది కావాలనిపించిందా, లేక హమ్మయ్య అనిపించిందా? అదే మీ సమాధానం.

ఇక ఏ సైన్యం స్వభావం ఏమిటి? రూల్స్ పుస్తకంలో కథలు చాలా ఉంటాయి. బల్ల మీద మాత్రం స్వభావాన్ని బయటపెట్టేవి ముఖ్యంగా రెండు అంకెలు: ఎన్ని అంగుళాలు నడుస్తాడు, లీడర్‌షిప్ (గుండెధైర్యం) ఎంత. వార్‌హ్యామర్ పాత ఎడిషన్ల నుంచి మనిషి నడక 4 అంగుళాలు, ఎల్ఫ్‌ది 5, డ్వార్ఫ్‌ది 3. లీడర్‌షిప్ మనిషికి 7, ఎల్ఫ్‌కి 8, డ్వార్ఫ్‌కి 9, గోబ్లిన్ అనే ఆకుపచ్చ చర్మం పొట్టివాడికి 6. భయపడాల్సిన పరిస్థితి వస్తే రెండు డైస్ వేసి ఆ అంకె గానీ అంతకు తక్కువ గానీ తెచ్చుకోవాలి. 6 గానీ తక్కువ గానీ పడే అవకాశం 42 శాతం, 7కి 58, 8కి 72, 9కి 83. గోబ్లిన్‌కీ డ్వార్ఫ్‌కీ మధ్య తేడా మూడే, కానీ ఒకడు సగానికి పైగా సార్లు తడబడతాడు, ఇంకొకడు ఆరిట్లో ఐదుసార్లు నిలబడతాడు. గోబ్లిన్లు పిరికివాళ్లు, డ్వార్ఫ్‌లు మొండివాళ్లు అని కథలో రాసినదంతా ఆ రెండు డైస్‌లోనే ఉంది. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ది ఓల్డ్ వరల్డ్‌లో దీన్ని ఇంకా అందంగా చేశారు. పోట్లాటలో ఓడిన దళం పారిపోవడమో నిలబడడమో రెండే కాకుండా మూడు దారులు పెట్టారు. ఉదాహరణకి లీడర్‌షిప్ 7 ఉన్న దళం 2 తేడాతో ఓడిందనుకోండి. డైస్ మీద 5 గానీ తక్కువ గానీ పడితే కొంచెం వెనక్కి తగ్గి పోరాటంలోనే ఉంటుంది, ఆ అవకాశం 28 శాతం. 6 గానీ 7 గానీ పడితే వరస చెడకుండా వెనుదిరుగుతుంది, అది 31 శాతం. 8 గానీ ఎక్కువ గానీ పడితే చెల్లాచెదురై పరుగే, అది 42 శాతం. అదే పరిస్థితిలో లీడర్‌షిప్ 9 ఉన్న డ్వార్ఫ్‌లు చెల్లాచెదురయ్యేది 17 శాతమే. అందుకే డ్వార్ఫ్ సైన్యంతో ఆడేవాళ్లు ఒక మూల నుంచి మెల్లగా గోడలా వస్తారు, ఎల్ఫ్‌లతో ఆడేవాళ్లు పక్క నుంచి వచ్చి కొట్టాలని చూస్తారు. మీకు ఏ తరహా ఆలోచన నచ్చుతుందో చూసుకోండి.

అస్థిపంజరాల తీరు వేరు. అవి భయపడవు, పారిపోవు. కానీ ఓడితే కూలిపోతాయి: ఎంత తేడాతో ఓడితే అదనంగా అన్ని ఎముకల గూళ్లు నేలరాలతాయి. మాంత్రికుడు వాటిని మళ్లీ లేపుతూ ఉండాలి. కొత్తగా ఆడేవాళ్లకు ఇది నిజంగా మేలు చేస్తుంది. మీ దళం పోరాటం వదిలి పారిపోదు, ఒక్క చెడ్డ డైస్‌కి సగం సైన్యం బల్ల దిగి వెళ్లిపోదు. తప్పు ఎక్కడ చేశారో నింపాదిగా చూసుకోవచ్చు.

టూంబ్ కింగ్స్ విషయంలో మనవాళ్లకు నచ్చే సంగతి ఇంకోటి ఉంది. మన భాషలో చతురంగ బలాలంటే రథ గజ తురగ పదాతులు కదా. ఇక్కడి ఫాంటసీ సైన్యాల్లో గుర్రాలు, పదాతి చాలామందికి ఉంటాయి గానీ, రథాలే వెన్నెముకగా నడిచే సైన్యం ఇది. ఏనుగుల చోటులో రాతి సింహాల్లాంటి భారీ విగ్రహాలు నడిచి వస్తాయి. మొదటిసారి మూడు రథాలు వరసగా పెట్టి చూసుకున్నప్పుడు చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో చూసిన తోలుబొమ్మలాట యుద్ధం గుర్తొచ్చింది నాకు.

ఓర్క్‌లు, గోబ్లిన్ల గురించి మీరు అడగలేదు కానీ ఒక్క మాట. ఆకుపచ్చ చర్మం రంగు వేయడం సులువు, తప్పులు కనబడవు, అందుకని కొత్తవాళ్లకు చాలామంది వీటినే చెబుతారు. కానీ సంఖ్య చాలా ఎక్కువ కావాలి. పైగా పాత ఎడిషన్లలో డైస్ మీద 1 పడితే వాళ్లలో వాళ్లే తగువులాడుకుని కదలకుండా నిలబడిపోయేవాళ్లు. అలాంటి అల్లరి మీకు సరదా అయితేనే తీసుకోండి. ప్రతి అడుగూ లెక్కగా పడాలనుకునేవాళ్లకు అది నరకం.

ఏది ఎక్కువ గెలుస్తుంది అన్న ప్రశ్న మీద సైన్యం కొనకండి. వార్‌హ్యామర్ మొదటి ఎడిషన్ 1983లో వచ్చింది, ఎనిమిదోది 2010లో. ప్రతి ఎడిషన్‌లోనూ బలమైన సైన్యాలు మారాయి. 2015లో ఆ పాత ప్రపంచాన్నే ముగించి దాని స్థానంలో ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ తెచ్చారు. చదరపు బేస్‌లు పోయి గుండ్రటివి వచ్చాయి, వరసలు కట్టి ఆడే పద్ధతీ పోయింది. బ్రెటోనియా (గుర్రపు వీరుల సైన్యం), టూంబ్ కింగ్స్ సైన్యాలు అమ్మకంలోంచే వెళ్లిపోయాయి. మళ్లీ 2024 జనవరిలో ది ఓల్డ్ వరల్డ్ వచ్చినప్పుడు మొదట వచ్చినవి సరిగ్గా ఆ రెండే. ఆ తొమ్మిదేళ్లలో తమ బొమ్మల్ని అమ్ముకోకుండా దాచుకున్నవాళ్లు ఎవరంటే, ఆ బొమ్మల్ని ఇష్టపడి రంగులు వేసుకున్నవాళ్లే. నా అస్థిపంజరాలు 2015 తర్వాత మాంటిక్ వాళ్ల ‘కింగ్స్ ఆఫ్ వార్’లో తొమ్మిదేళ్లు ఆడాయి, ఇప్పుడు ఓల్డ్ వరల్డ్‌లో ఆడుతున్నాయి. బొమ్మలు అవే, రూల్స్ మారాయంతే. మీరు రంగు వేయడం పూర్తి చేసేలోపే ఈ రోజు ‘టాప్’ అనుకున్న సైన్యం కిందికి దిగిపోవచ్చు.

అందుకే ఇంకో సంగతి కూడా చెబుతున్నాను. ముందు మీ క్లబ్బులో ఎవరెవరు ఏ ఆట ఆడుతున్నారో నాలుగు వారాలు చూడండి. ఆడేవాళ్లు లేని ఆట ఎంత గొప్పదైనా బీరువాలోనే ఉంటుంది. కింగ్స్ ఆఫ్ వార్ ఆడేవాళ్లుంటే కొత్తవాళ్లకు అది చాలా హాయి. దళం మొత్తం ఒకే పెద్ద బేస్ మీద ఉంటుంది, దెబ్బలు తగిలినా ఒక్కో బొమ్మను తీయనక్కర్లేదు, కూలిపోయినప్పుడే దళమంతా ఒకేసారి బల్ల దిగుతుంది. ఇరవై మంది ఉండాల్సిన బేస్ మీద పద్నాలుగు, పదిహేను మందిని ఒక రాయో చెట్టో పెట్టి సర్దినా సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. అంటే కొనాల్సినవీ తగ్గుతాయి, రంగు వేయాల్సినవీ తగ్గుతాయి. ఇంకా చిన్నగా మొదలుపెట్టాలంటే ‘డ్రాగన్ ర్యాంపెంట్’ ఉంది. 24 పాయింట్ల సైన్యం, దళానికి ఆరుగురో పన్నెండుమందో, ఒక సాయంత్రంలో ఆట అయిపోతుంది. మీరు కొన్న బొమ్మలు వీటన్నిటిలోనూ పనికొస్తాయి.

బేస్‌ల సైజు ముందే కనుక్కోండి. పాత వార్‌హ్యామర్‌లో మనుషులు, ఎల్ఫ్‌లు, అస్థిపంజరాలు 20 మిల్లీమీటర్ల చదరం మీద ఉండేవి. ది ఓల్డ్ వరల్డ్‌లో 25 అయింది. గుర్రపు దళాలు 25 బై 50 నుంచి 30 బై 60కి పెరిగాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి చాలావరకు 20 మీదే వస్తాయి. వాటిని పీకి మార్చనక్కర్లేదు. లోపల గళ్లు ఉండి, 20 బేస్‌ని 25 దూరంలో నిలబెట్టే ట్రేలు అమ్ముతారు. నేను అవే వాడుతున్నాను. కొత్తగా అతికిస్తుంటే మాత్రం 25 మీదే అతికించండి.

డబ్బు సంగతి. కొత్త పెట్టె ఒకటి కొంటే మీ నెల బడ్జెట్ దాదాపు అయిపోతుంది. అందుకని సగం కొత్తవి, సగం పాతవి అనుకోండి. ఇక్కడ వార్‌గేమింగ్ ప్రదర్శనలు జరుగుతుంటాయి, లండన్‌లో ‘సల్యూట్’, న్యూవార్క్‌లో ‘పార్టిజాన్’ లాంటివి. చాలా షోలలో ‘బ్రింగ్ అండ్ బై’ అని ఒక బల్ల ఉంటుంది, ఎవరి పాత బొమ్మలు వాళ్లు ధర చీటీ అంటించి పెడతారు. చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెనక వైపు ఫోటో కూడా అడగండి. నేను ఒకసారి ముందు వైపు ఫోటో మాత్రమే చూసి నలభై బొమ్మల లాటు కొన్నాను. వచ్చాక చూస్తే తొమ్మిదింటికి చేతులే లేవు. మాంటిక్, వార్‌గేమ్స్ అట్లాంటిక్ లాంటి కంపెనీల ప్లాస్టిక్ అస్థిపంజరాలు చవగ్గా దొరుకుతాయి, బాగుంటాయి కూడా. క్లబ్బులో ఎవరూ ఏమీ అనరు గానీ, గేమ్స్ వర్క్‌షాప్ సొంత షాపుల్లో, వాళ్లు నడిపే టోర్నమెంట్లలో వాళ్ల బొమ్మలే ఉండాలి. అది గుర్తుపెట్టుకోండి.

పాత బొమ్మల మీద ఎవరో మందంగా రంగు పూసి ఉంటారు. దాన్ని తీయడానికి ఇక్కడ అందరూ వాడేది మన ఇళ్లలో ఉండే గోధుమరంగు డెటాలే. మూత ఉన్న గాజు సీసాలో బొమ్మలు మునిగేలా పోసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు చేతులకు గ్లవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి, రంగు పొరలు పొరలుగా వచ్చేస్తుంది. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది: రుద్దడం పూర్తి కాకముందే నీళ్ల కింద పెడతారు. నీళ్లు తగలగానే ఆ రంగంతా జిగట బంకలా మారి బొమ్మకే అంటుకుంటుంది. ముందు డెటాల్‌లోనే ముంచుతూ పూర్తిగా రుద్దండి, గుడ్డతో తుడవండి, ఆ తర్వాతే గిన్నెలు తోమే సబ్బు, నీళ్లు. లోహానికీ గట్టి ప్లాస్టిక్‌కీ ఇది పనిచేస్తుంది. రెజిన్ బొమ్మలైతే ముందు ఒకదాని మీద ప్రయత్నించి చూడండి. వంటింటి సింక్ దగ్గర మాత్రం చేయకండి.

రంగు వేసే పద్ధతి నేను అస్థిపంజరాలకు చేసేది చేసినట్టు చెబుతాను. పదేసి తీసుకోండి, ఇరవై వద్దు. అచ్చు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది, దాన్ని కత్తి వీపుతో గీకేయండి. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ జిగురు, లోహానికీ రెజిన్‌కీ సూపర్ గ్లూ. ప్లాస్టిక్ జిగురు రెండు వైపులా ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది కాబట్టి లోహం మీద అసలు పట్టదు. అతికించే ముందు పదిమందినీ వరసలో పెట్టి చూడండి, ఈటెలు ఒకదానికొకటి తగులుకుంటాయి. కుదిరిన వరసను మర్చిపోకుండా బేస్ అడుగున 1, 2, 3 అని నంబర్లు వేసుకోండి. ఈ ఒక్క పనితో ప్రతి ఆటకు ముందూ పది నిమిషాల తలనొప్పి పోతుంది.

తర్వాత ఎముక రంగు స్ప్రే. డబ్బా రెండు నిమిషాలు బాగా ఊపాలి, ఒక జానెడు పైన దూరం నుంచి చిన్న చిన్న తడవలుగా కొట్టాలి. గాలిలో తేమ ఉన్న రోజు కొట్టకండి, బొమ్మ మీద ఇసుక పొడి చల్లినట్టు గరుకు వచ్చేస్తుంది. ఇక్కడ వాన ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకని ఆకాశం తెరిపిచ్చిన రోజే రెండు మూడు విడతల బొమ్మలు కలిపి కొట్టేస్తాను. విశాఖలో ఉండే మా బావమరిది కూడా ఇదే మొదలుపెట్టాడు, తనకైతే వానాకాలమంతా స్ప్రే మూతే తీయొద్దని, బ్రష్‌తోనే ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) వేయమని చెప్పాను.

ఆరాక బొమ్మంతా గోధుమరంగు వాష్ పూయండి. వాష్ అంటే పల్చటి రంగునీళ్లు, పక్కటెముకల మధ్య సందుల్లోకి తనంతట తానే దిగి నీడలు తెస్తుంది. నేను అగ్రాక్స్ ఎర్త్‌షేడ్ వాడతాను. కాళ్ల దగ్గర మడుగు కడితే బ్రష్ కొసతో పీల్చేయండి. రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు వెడల్పాటి పాత బ్రష్ దంతపు రంగులో ముంచి, టిష్యూ మీద దాదాపు ఏమీ మిగలనంతగా తుడిచి, ఎముకల మీద అటూ ఇటూ తేలిగ్గా ఆడించండి. పుర్రె నుదురు, వేళ్ల కణుపులు, మోకాళ్లు ఒక్కసారిగా వెలుగు తేలతాయి. మొదటిసారి ఆ క్షణం చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి దీపం దగ్గరకి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసుకున్నాను. ఇక మిగిలింది కత్తులకు లోహపు రంగు, డాళ్లకు ఒక్కటే రంగు, అది సైన్యమంతటికీ ఒకటే ఉండాలి. నాది కుంకుమ ఎరుపు. రంగు ఏదైనా సీసాలోంచి నేరుగా వేయకండి, చుక్క నీళ్లు కలిపి పాలంత పల్చగా చేసుకోండి. పెరుగులా ఉంటే ముఖాలు పూడుకుపోతాయి.

బేస్ మీద వైట్ జిగురు పూసి ఇసుకలో ముంచడం ఆఖరి పని. నా అస్థిపంజరాల కాళ్ల కింద ఉన్నది గోదావరి ఇసుక. ఒకసారి రాజమండ్రి వెళ్లినప్పుడు చిన్న డబ్బాలో తెచ్చుకుని, టీ వడకట్టే జాలీతో జల్లించి వాడాను. మీరు ఏ ఇసుకైనా వాడండి, కానీ సైన్యమంతటికీ ఒకే నేల ఉండాలి. బొమ్మలు వేర్వేరు కంపెనీలవైనా, పాతా కొత్తా కలిసినా, డాలు రంగు, నేల ఒకటైతే చాలు, చూసేవాళ్లకు ఒక్క సైన్యంలానే కనబడుతుంది.

500 పాయింట్లకు ఎంత కావాలంటే ఒక నాయకుడు, పదాతి దళం ఒకటి, విలుకాళ్లు ఒక గుంపు, వీలైతే రెండు మూడు రథాలు. ది ఓల్డ్ వరల్డ్‌లో ‘కోర్’ దళాలు, అంటే మామూలు సిపాయిల దళాలు, కనీసం 25 శాతం ఉండాలి, నా సలహా ఏమిటంటే మీరు సగం పెట్టుకోండి. పెద్ద ఆట మామూలుగా 2000 పాయింట్లది, ఆరడుగులకు నాలుగడుగుల బల్ల కావాలి. 500కి మీ ఇంట్లో డైనింగ్ టేబుల్ చాలు.

మొదటి పది ఆటల్లో ఒక్క దాని మీదే దృష్టి పెట్టండి, ఛార్జ్ దూరం, అంటే శత్రువు మీదికి ఎంత దూరం నుంచి దూకగలరన్నది. ఓల్డ్ వరల్డ్‌లో రెండు డైస్ వేసి పెద్దదాన్ని నడకకు కలుపుతారు. నడక 4 ఉన్న దళానికి శత్రువు 8 అంగుళాల్లో ఉంటే అందే అవకాశం 75 శాతం. 9 అయితే 56. 10 అయితే 31 మాత్రమే. ఒక్కో అంగుళానికి అంత పడిపోతుంది. కొలిచి చూసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి, టేపు తీసి కొలవడానికి మొహమాటపడకండి. శత్రువు 10 అంగుళాల్లో ఉంటే ఆగండి, వాడినే రానివ్వండి. నేను ఓల్డ్ వరల్డ్ ఆడిన మొదటి ఏడాది ఓడినవాటిలో ఎక్కువ భాగం 10 అంగుళాల ఛార్జ్‌ల వల్లే.

చిన్న ఇల్లన్నారు కాబట్టి దాచే సంగతి కూడా చెబుతాను. బేస్ అడుగున చిన్న అయస్కాంతం అతికించి, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె అడుగున ఇనుప రేకు వేసుకోండి. ఎనభై బొమ్మలు మంచం కింద పట్టేస్తాయి, బస్సులో క్లబ్బుకి తీసుకెళ్లినా ఈటెలు విరగవు. 3డి ప్రింటర్ కొనమని ఎవరైనా చెబితే ప్రస్తుతానికి వద్దనండి. రెజిన్ వాసన, గ్లవ్స్, ఆల్కహాల్‌లో కడగడం, గాలి ఆడే వేరే గది, ఇవన్నీ సింగిల్ బెడ్‌రూమ్‌లో కుదరవు.

ఇక డ్రాగన్. కొనొద్దని చెప్పను, ఇప్పుడే కొనొద్దంటాను. నా ఎల్ఫ్‌లన్నిటినీ 2011లో అమ్మేశాను కానీ డ్రాగన్‌ని మాత్రం అమ్మబుద్ధి కాలేదు. నలభై అస్థిపంజరాలు, ఇరవై మంది గుర్రపువాళ్లు పూర్తయ్యాక ఒక శీతాకాలం దాన్ని మళ్లీ బయటికి తీశాను. లోహపు రెక్కలు బరువు కదా, జిగురు ఒక్కదానితో నిలవవు. చేతి డ్రిల్‌తో రెండు వైపులా చిన్న రంధ్రాలు చేసి, పేపర్ క్లిప్ తీగ ముక్క దూర్చి అతికించాను. రెక్కల అంచులు ఆకురాయితో రాసి చిరుగుల్లా చేశాను, పొట్ట దగ్గర ఎముకలు కనబడేలా గ్రీన్ స్టఫ్ పుట్టీతో మలిచాను. ఆరు వారాలు పట్టింది, ఒక్క రోజు కూడా బరువనిపించలేదు, ఎందుకంటే దాని వెనక నిలబడే సైన్యం అప్పటికే సిద్ధంగా ఉంది.

ఈ గురువారం క్లబ్బుకి వెళ్లినప్పుడు రెండు విషయాలు అడిగి రండి: అక్కడ ఏ ఆట ఎక్కువ ఆడతారు, బేస్‌లు 20 మీదా 25 మీదా. వీలైతే ఎవరి అస్థిపంజరాలైనా అప్పు తీసుకుని ఒక ఆట ఆడండి. వచ్చాక ఇక్కడే రాయండి, మీ 40 పౌండ్లకు ఏ నెల ఏది కొనాలో 500 పాయింట్ల లిస్టు వేసి పెడతాను.